గుణుపురం చెల్లెమ్మకి పెద్ద థాంక్స్

ఈ పోస్టు ఎవరి కోసం రాస్తున్నానో ఆ అమ్మాయి దీన్ని చదవలేదు. పుట్టి పెరిగింది ఒడిశాలోని గుణుపురంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ అక్షరాలు రావు. మా పర్లాకిమిడిలో కూడా ఆ వయసు పిల్లలు చాలామంది అంతే. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరే ఇది, 1936లో ఒడిశాలో కలిసింది. ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. అందుకని బాబాయ్ గారూ (వాళ్ల నాన్నగారిని అంటున్నాను), మీరే కాస్త చదివి వినిపించండి. మధ్యలో కంప్యూటర్ మాటలొస్తే తనే మీకు విడమరిచి చెబుతుంది.

మా మావయ్య జీడిపిక్కల వ్యాపారం చేస్తారు. చుట్టుపక్కల కొండూళ్లలో పిక్కలు కొని పలాస పంపిస్తారు. ఆ బస్తాల లెక్కకి జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సరంజామా) చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాను. అద్దె సర్వర్ మీద నడుస్తోంది, దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 20.04, ర్యామ్ 512 ఎంబీ. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ రోజు కొనుగోళ్ల పట్టీ మావయ్యకి మెయిల్‌లో వెళ్లాలి. అంతా బాగానే ఉండగా జాంగో 5కి మారాలని నాకు బుద్ధి పుట్టింది. దానికి పైథాన్ 3.10 అయినా ఉండాలి. ఉబుంటు 20.04తో వచ్చేది 3.8. సీజన్ అయ్యాక మార్చుకోవచ్చు కదా అంటారా? మావయ్య కూడా అదే అన్నారు.

మొదటి తప్పు నూటికి నూరుపాళ్లూ నాదే. కొత్త పైథాన్ ఒకటి తెచ్చి, సిస్టమ్‌లో పైథాన్3 అనే లింకుని దానివైపు తిప్పేశాను. ఆ తర్వాత ఆప్ట్ (ఉబుంటులో ప్రోగ్రాములు దించే కమాండ్) అప్‌డేట్ కొడితే ‘ఆప్ట్ పీకేజీ అనే మాడ్యూల్ లేదు’ అని ఎర్రర్. అది 3.8 కోసం తయారైన మాడ్యూల్, వేరే పైథాన్‌కి దొరకదు. చేతులు వణికాయి. మా తమ్ముడి స్నేహితుడు నంబరిస్తే, ముక్కూ మొహం తెలియని ఈ అమ్మాయికి రాత్రి పదింటికి ఫోన్ చేశాను.

“అన్నయ్యా, ముందు ఆ లింకు ఎలా ఉండేదో అలా పెట్టేయండి. అది ఉబుంటు వాడుకునే పైథాన్, మనం ముట్టుకోకూడదు. మనకి కావలసింది పైఎన్వ్‌తో మన హోమ్ ఫోల్డర్‌లో వేసుకుందాం” అంది.

పైఎన్వ్ అంటే సిస్టమ్ పైథాన్‌ని ముట్టుకోకుండా మనకి కావలసిన పైథాన్ పక్కన వేసుకునే పనిముట్టు. అది దిగడం ఐదు నిమిషాల పని. బాష్‌ఆర్‌సిలో (టెర్మినల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు) దాని లైన్లు పెట్టకుండా ‘కమాండ్ దొరకలేదు’ అని ఒక అరగంట జుట్టు పీక్కున్నాను, అది వేరే సంగతి. అసలు యుద్ధం పైథాన్ ఇన్‌స్టాల్ దగ్గర. పైఎన్వ్ తయారైన పైథాన్‌ని తెచ్చి పెట్టదు. సోర్సు కోడ్ దించి మన సర్వర్ మీదే కంపైల్ చేస్తుంది, అంటే నడిచే ప్రోగ్రాంగా కడుతుంది. కంపైలర్ లేదని ఒకసారి ఆగింది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవ్ ప్యాకేజీ (కంపైల్‌కి కావలసిన ఫైళ్ల మూట) లేదని ఇంకోసారి ఆగింది. నేను ప్రతిసారీ స్క్రీన్‌కి ఫోన్‌తో ఫొటో తీసి పంపేవాణ్ణి. మూడో ఫొటోకి వాయిస్ మెసేజ్ వచ్చింది: “ఫొటోలు వద్దన్నయ్యా. చివరి పది లైన్లలో ఏడుపు ఉంటాది గానీ దెబ్బ ఎక్కడ తగిలిందో ఉండదు. టెంప్ ఫోల్డర్‌లో జరిగిందంతా రాసి ఉండే లాగ్ ఫైలుంది, అది మొత్తం పంపండి.”

ఆ మాట నేను రాసిపెట్టుకున్నాను. నిజంగానే ‘బిల్డ్ ఫెయిల్డ్’ కింద లాగ్ ఎక్కడుందో పైఎన్వ్ ప్రతిసారీ చెబుతూనే ఉంది. నేనే చదవలేదు.

ఆ లాగ్‌లో ‘కిల్డ్’ అని ఒక్క మాట పట్టుకుంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) చెప్పే మాటలు చూపించే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూడమంది. మెమరీ చాలక కెర్నలే కంపైలర్ పీక నొక్కేసిందని అక్కడ తేలింది. ర్యామ్ చాలనప్పుడు డిస్కుని వాడుకునేలా 2 జీబీ స్వాప్ ఫైలు చేయించి, మళ్లీ మొదలుపెట్టించింది. సరిగ్గా అప్పుడే గాలివాన. ఏప్రిల్ సాయంత్రాలు మా దగ్గర ఎలా ఉంటాయో ఇటువైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కరెంటు పోయింది, రౌటర్ ఆరిపోయింది, సర్వర్‌తో నన్ను కలిపే ఎస్‌ఎస్‌హెచ్ లైను తెగింది, దాంతోపాటు కంపైలూ పోయింది. మర్నాడు టీమక్స్ అనే ప్రోగ్రాం నేర్పింది. ఇప్పుడు నా లైను తెగినా సర్వర్ మీద పని ఆగదు. తిరిగి వెళ్లి అక్కడే అందుకోవచ్చు. ఒడిశా పల్లెటూళ్లలో కూర్చుని సర్వర్లు చూసుకునేవాళ్లకి ఇది మొట్టమొదట నేర్పాలి.

చివరికి ఇన్‌స్టాల్ అయింది. మధ్యలో ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) గురించి ఏదో వార్నింగ్ వచ్చింది, ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను. జాంగో లేపగానే ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ లేదంది. మా లెక్కలన్నీ ఉన్నది ఎస్‌క్యూలైట్‌లోనే! డెవ్ ప్యాకేజీ వేసేసి, ఇక పనిచేస్తుందనుకున్నాను. కుదరదంది చెల్లెమ్మ. కంపైల్ చేసేటప్పుడు లేనిది తర్వాత వచ్చి చేరదు, మళ్లీ మొత్తం కట్టాల్సిందే. అప్పుడు మాత్రం విసుక్కుంది, దాచడం ఎందుకు. “వార్నింగ్ కూడా మనిషే రాశాడు అన్నయ్యా” అంది. ఈసారి జడ్‌లిబ్, బీజిప్2, రీడ్‌లైన్, ఎఫ్‌ఎఫ్‌ఐ డెవ్ ప్యాకేజీలన్నీ ముందే వేయించి కట్టించింది.

నాలుగో రాత్రి సైటు లేచింది, తొమ్మిదింటికి మెయిల్ మాత్రం వెళ్లలేదు. నా చేత్తో నడిపితే వెళ్తుంది, టైముకి తనంతట తానే పనులు నడిపే క్రాన్ నడిపితే వెళ్లదు. తనకి పరీక్ష మర్నాడేనట, అప్పటికి నాకు తెలియదు. రెండే వాక్యాలు పంపింది: “క్రాన్ బాష్‌ఆర్‌సి చదవదు, దానికి పైఎన్వ్ ఉందనే తెలియదు, పాత 3.8ని పట్టుకుంటుంది. మన ప్రాజెక్టు కోసం విడిగా పెట్టుకున్న వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉన్న పైథాన్‌కి పూర్తి దారి రాసేయండి.” రాశాను. వెళ్లింది.

మర్నాడు పొద్దున్న మావయ్య ఫోన్. ఇన్ని రాత్రుల కష్టం గురించి ఒక్క మాటైనా అంటారేమో అనుకున్నాను. “కాశీనగర్ బస్తాలు రెండు తక్కువ చూపిస్తోందిరా” అన్నారు. అవి నేనే ఎక్కించడం మర్చిపోయాను.

చెల్లెమ్మా, డబ్బు మాటెత్తితే ఫోన్ పెట్టేశావు. అందుకే బాబాయ్ గారికే చెబుతున్నాను. ఆదివారం గుణుపురం రైల్లో మా తమ్ముడు వస్తున్నాడు. వాడి చేతికి రెండు కిలోల జీడిపప్పు ఇస్తున్నాను, వేయించలేదు, పచ్చిదే. స్టేషన్‌కి ఎవరైనా వస్తే చాలు.