పిల్లలు ఒంటరిగా మాట్లాడుకునే ఒక ఫోన్ పెట్టించండి

హనుమకొండ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్‌ని. పదో తరగతి పాసైన మా పిల్లలు చాలామంది ఇంటర్ చదవడానికి హనుమకొండ హాస్టళ్లకే వస్తారు.

మనసు బాగోలేనివాళ్లతో ఫోన్లో మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 2022 అక్టోబర్‌లో మొదలైంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు ఉండదు. ఆ నంబర్‌ను గోడల మీద రాయిస్తున్నారు, సంతోషం. కానీ హాస్టల్ పిల్లకు ఫోన్ ఎక్కడిది? చాలాచోట్ల ఇంటికి మాట్లాడాలన్నా వార్డెన్ గది ముందు లైన్లో నిలబడాలి. వెనక పదిమంది ఎదురుచూస్తుంటే "అమ్మా, నాకు నిద్ర పడ్తలేదు" అని ఎవరు చెప్తారు? "మంచిగున్న, తిన్న" అని పెట్టేస్తారు.

పిల్లల టెన్షన్ అంతా చదువుదే అనుకోవద్దు. పత్తికి ధర రాని ఏడు మా ఊళ్లలో ఇంట్లో మాటలే మారిపోతాయి. అప్పులవాళ్లు వాకిట్లో కూర్చుంటారు, రాత్రి తాగుడు, గొడవ. తన ఫీజుకు ఎంత మిత్తికి తెచ్చారో పిల్లకు తెలుసు. వీక్లీ టెస్టులో ర్యాంకు తగ్గిన ప్రతిసారీ ఆ అప్పే గుర్తొస్తుంది. అలాంటి పిల్లను అందరి ముందు మార్కులు చదివి కింది సెక్షన్‌కు పంపడాన్ని క్రమశిక్షణ అంటే నేను ఒప్పుకోను.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానాలంది. అమలును చూసే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. ఈ ఉత్తరం మీకు రాయడానికి కారణం అదే.

తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్‌లో కౌన్సెలర్ పేరు చూసి వచ్చేయకండి సార్. ఆ మనిషిని ఎప్పుడైనా కలిశారా అని పిల్లలనే అడగండి, యాజమాన్యం పక్కన లేకుండా. లెక్కల సారునే కౌన్సెలర్‌గా చూపిస్తే ఒప్పుకోవద్దు. ర్యాంకు అడిగే మనిషి దగ్గర పిల్ల మనసు విప్పదు. ప్రతి హాస్టల్లో తలుపు వేసుకుని మాట్లాడుకునే చోట ఒక ఫోన్ పెట్టించండి. దాని పక్కన 14416, పిల్లల హెల్ప్‌లైన్ 1098 రాయించండి. పరిస్థితి తీవ్రంగా ఉన్న పిల్లలను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి ఎవరు తీసుకెళ్లాలో ముందే తేల్చండి. తల్లిదండ్రులతో కూడా మాట్లాడాలి, కాకపోతే సాయంత్రం ఫోన్లో. కూలి పోగొట్టుకుని రమ్మంటే రాలేరు.

ఇంకొకటి, ఇంటర్ ఫలితాల రోజు. అప్పటికి హాస్టళ్లు ఖాళీ, పిల్లలు ఊళ్లలో ఉంటారు. ఫెయిలైన ప్రతి విద్యార్థి ఇంటికి ఆ పూటే కాలేజీ నుంచి ఫోన్ వెళ్లాలి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి పాసైతే ఏడాది పోదని పిల్లకూ, తండ్రికీ ఇద్దరికీ చెప్పాలి. ఏ కాలేజీలో ఆ పని ఎవరిదో పేరుతో సహా పరీక్షలకు ముందే మీ ఆఫీసుకు రాయించుకోండి.

ఇట్లు,
ఒక హైస్కూల్ టీచర్
పరకాల ప్రాంతం