ఆ రెండో స్పీకర్ సంగతి ఏమైంది?

సంపాదకులకు,

క్యూబా కళాకారిణి తానియా బ్రుగేరా గురించి మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. 2009 మార్చిలో క్యూబా రాజధాని హవానాలో జరిగిన బినాలే అనే కళా ప్రదర్శనలో ఆమె వేదిక మీద మైకు పెట్టించి, ఎవరైనా వచ్చి ఒక్క నిమిషం ఏదైనా మాట్లాడొచ్చన్నారు. పక్కనే మిలిటరీ దుస్తుల్లో ఇద్దరు. మాట్లాడేవారి భుజాన తెల్ల పావురాన్ని పెట్టడం, నిమిషం కాగానే ఆ మనిషిని వేదిక దించేయడం వాళ్ల పని. 1959 జనవరిలో విప్లవ నేత ఫిడెల్ కాస్ట్రో ప్రసంగిస్తుండగా ఆయన భుజం మీద పావురం వాలింది కదా, దాన్ని గుర్తుచేయడానికన్నమాట. మీ వ్యాసకర్త సగం వ్యాసం పావురానికే రాసిచ్చి, చివర్లో "మైకు పెడితే కళ అయిపోతుందా?" అని తీసిపారేశారు.

తెనాలిలో నాది మైక్‌సెట్ వ్యాపారం. పరిషత్తు నాటకాలకీ, పార్టీ మీటింగులకీ, సంతాప సభలకీ పెడుతుంటాను. ఆ ప్రదర్శన సామానులో స్పీకర్లు రెండున్నాయి. ఒకటి హాల్లో, రెండోది భవనం బయట. వ్యాసంలో ఆ రెండోదాని ఊసే లేదు. అసలు సంగతంతా అక్కడే ఉందండీ. మీటింగుకి పోలీసు పర్మిషన్‌కి వెళ్తే మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగేది హార్న్‌లు ఎన్ని, ఎటు తిప్పి కడతారనే. ఓ రచయిత సంతాప సభకి రోడ్డు వైపు కట్టిన హార్న్ విప్పించేశారు. లోపల ఎంతసేపైనా మాట్లాడుకోమన్నారు!

హవానాలో ఒకావిడ మైకు ముందుకొచ్చి, మాట రాక ఏడ్చేశారు. సభల్లో అలాంటివి నేను చాలా చూశాను, హాల్లోవాళ్లు తలలు దించుకుని ఊరుకుంటారు. దారిన పోయేవాడి చెవిన ఆ ఏడుపు పడితే మాత్రం ఆగి, ఎవరా అని అడుగుతాడు.

బినాలే కమిటీ ఆ ప్రదర్శనను ఖండిస్తూ ప్రకటన ఇచ్చింది. 2014 డిసెంబర్ 30న అదే మైకును హవానాలోని రెవల్యూషన్ స్క్వేర్‌లో పెట్టాలనుకుంటే, ఆమె అక్కడికి చేరకముందే పోలీసులు పట్టుకెళ్లారు, పాస్‌పోర్టు లాక్కున్నారు. మరుసటి మే నెలలో ఆమె తన ఇంట్లోనే, నియంతృత్వాల మీద రాజకీయ తత్వవేత్త హన్నా అరెంట్ రాసిన పుస్తకాన్ని వంతులవారీగా వంద గంటలు చదివించారు. అప్పుడు ఇంటి ముందు రోడ్డు పగలగొట్టడానికి డ్రిల్లింగ్ మెషిన్లు దిగాయి. సౌండ్ పనివాడిగా చెబుతున్నాను, గొంతు వినపడకుండా చేయడానికి ఇంత చవకైన ఉపాయం ఇంకోటి లేదు. వైరు కోస్తే గొడవవుతుంది, రోడ్డు తవ్వితే ఎవరేమంటారు?

మీ వ్యాసకర్త వీలుంటే వచ్చే ఆదివారం ఆ రెండో స్పీకర్ గురించి నాలుగు ముక్కలు రాయగలరు.

– ఒక మైక్‌సెట్ యజమాని, తెనాలి