అద్దె గదిలో దిగినవాళ్లకి రేషన్ సంగతి ఎవరు చెప్తారు?

ఎడిటర్ గారికి,

మాది రణస్థలం మండలం పైడిభీమవరం. ఫ్యాక్టరీలున్న ఊరు కాబట్టి ఒడిశా, బీహార్ నుంచి పనికొచ్చేవాళ్లు మాకు కొత్త కాదు, మా ఇంటి వెనక రెండు రేకుల గదులు వాళ్లకే అద్దెకిస్తుంటాం. ఈమధ్య బలంగీర్ వైపు నుంచి ఒక కుటుంబం దిగింది. మొగుడూ పెళ్లాం, ఇద్దరు పిల్లలు, రెండు మూటలు, ఒక కుక్కరు. ఆయన మర్నాడే కాంట్రాక్టరు దగ్గర పనిలోకి వెళ్లిపోయాడు. ఆవిడ నెలంతా కొట్లో కిలో లెక్కన బియ్యం కొనుక్కుంది. ఆధార్ జిరాక్సు అడిగితే సంచి వెతుకుతుంటే ఒడిశా రేషన్ కార్డు బయటపడింది, ఇక్కడ చెల్లదనుకుని అడుగున పడేసిందట!

వన్ నేషన్ వన్ రేషన్ కార్డు 2022 నాటికే దేశమంతా వచ్చేసింది కదా. ఆధార్ లింకయి ఉంటే ఏ రాష్ట్రం డిపోలోనైనా వేలిముద్ర వేసి మనిషికి 5 కిలోలు తీసుకోవచ్చు. తీసుకెళ్తే డీలరు "ఇది మన కార్డు కాదమ్మా" అన్నాడు, ముందు నంబరు కొట్టి చూడు బాబూ అని రెండుసార్లు బతిమాలితే మిషన్ తీసుకుంది. ఐదు నిమిషాల పని.

పెద్దపిల్లకి తొమ్మిదేళ్లు. బడికెళ్తే టీసీ తెమ్మన్నారు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఆ మాట చెప్పడానికి నేను మూడుసార్లు తిరిగాను. ఇప్పుడు మా మనవడి దగ్గర అఆలు దిద్దుతోంది, వాడికి ఒడియా తిట్లు నేర్పుతోందనుకోండి.

మన సిక్కోలు వాళ్లూ చెన్నై, గుజరాత్‌లోని వెరావల్ పోయి ఇలాగే దిక్కులు చూసినవాళ్లే. మా తమ్ముడికి అక్కడ ఊరివాడొకడు దొరకబట్టి గడిచింది.

సచివాలయం ఉంది, అంగన్‌వాడీ ఉంది, ఆశా కార్యకర్త ఉంది, కానీ కొత్తగా దిగిన వారంలోపు వాళ్ల తలుపు కొట్టే మనిషే లేరు. ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా వచ్చినవాళ్లు బోలెడుమంది, వాళ్లచేత రేషన్, బడి, టీకాలు, ఏ పనికి ఎవరిని కలవాలో ఒక కాగితం మీద రాయించండి. అచ్చు వేసి మాలాంటి ఇంటి ఓనర్లకి ఇచ్చినా చాలు, అడ్వాన్సు తీసుకునేటప్పుడే చేతిలో పెట్టేస్తాం.

ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. సోమవారం అంగన్‌వాడీకి నేనే తీసుకెళ్తున్నాను. పక్క వీధిలో మొన్న ఇంకో రెండు కుటుంబాలు దిగాయి, వాళ్లనింకా ఎవరూ పలకరించలేదు.

– ఒక పాఠకురాలు, పైడిభీమవరం, శ్రీకాకుళం జిల్లా