జర్నల్‌ను పరీక్షించే పద్ధతి తరగతిలోనే నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం బోధిస్తున్న నా దగ్గరికి ఇటీవల ఒక పరిశోధక విద్యార్థిని తన తొలి వ్యాసం అచ్చయిందన్న సంతోషంతో వచ్చింది. మర్రిగూడ మండలంలోని బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో రెండు ఎండాకాలాలు ఊరూరా తిరిగి కొలిచి రాసిన వ్యాసమది. పంపిన మూడో రోజే ఆమోదించారట. 2,500 రూపాయలు కట్టగానే ప్రచురించి, సర్టిఫికెట్ కూడా పంపారట. పట్టికలు చూస్తూ నేను ఒకచోట ఆగిపోయాను. తాగునీటిలో ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములని ఉండాల్సిన చోట చుక్క ఎగిరిపోయి 15 అని పడింది. ఇద్దరు సమీక్షకులు చదివి ఆమోదించారని ఆ జర్నల్ లేఖ రాసింది గానీ, నిజంగా చదివినవారి కంట ఆ అంకె పడకపోయే అవకాశమే లేదు. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటానంటే దానికీ డబ్బు అడిగారు. ఒకసారి అచ్చయినదాన్ని మంచి జర్నళ్లు మళ్లీ వేసుకోవు కనుక, ఆ అమ్మాయి రెండేళ్ల కష్టం అక్కడే చిక్కుకుపోయింది.

ఈ సంగతి చెబితే మా సహోద్యోగులు కొందరు, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవనిచ్చేవి, రచయితల దగ్గర రుసుము తీసుకునేవి అన్నీ ఇలాంటివేనని తీర్పు చెప్పేశారు. అది సరికాదు. మన దేశపు సైన్స్ పత్రికలైన కరెంట్ సైన్స్‌ను, రెజొనెన్స్‌ను ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. 2003లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో మొదలైన డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ (అందరికీ ఉచితంగా చదవనిచ్చే) జర్నళ్ల సూచికలో సగానికి పైగా రచయితల నుంచి పైసా తీసుకోనివే. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు కావాలనే తప్పులతో ఒక వ్యాసం అల్లి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఆమోదించాయి; రుసుము తీసుకునే ప్లాస్ వన్ మాత్రం తిరస్కరించింది. కాబట్టి డబ్బు తీసుకున్నారా లేదా అన్నది కాదు, వ్యాసాన్ని ఎవరైనా చదివారా లేదా అన్నదే చూడాల్సింది.

జాబితాల మీదే ఆధారపడితే చాలదు. డీఓఏజే తన నిబంధనలు బిగించి 2016లో సుమారు 3,300 జర్నళ్లను తొలగించింది. మన యూజీసీ 2018లో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 తీసేసింది. దాని స్థానంలో తెచ్చిన కేర్ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసి, నిర్ణయాన్ని విద్యాసంస్థలకే వదిలింది. అంటే ఇప్పుడా భారం మహాత్మా గాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లోని గైడ్ల మీదే ఉంది. పరీక్షించడం కష్టమేమీ కాదు. ఐఎస్ఎస్ఎన్ అనేది గుర్తింపు సంఖ్యే తప్ప నాణ్యతకు ముద్ర కాదని పిల్లలకు తెలియాలి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె; ఏవేవో పేర్లతో వేసుకునే అలాంటి అంకెలను నమ్మక, దాన్ని లెక్కగట్టే క్లారివేట్ సంస్థ ప్రకటించే నివేదికలో ఆ జర్నల్ ఉందో లేదో చూడాలి. సంపాదక వర్గం జాబితాలో చూపిన ఒక ప్రొఫెసర్‌కు, ఆయన సొంత విశ్వవిద్యాలయ చిరునామాకే మెయిల్ రాసి అడగాలి. తన పేరు అక్కడ ఉన్నట్టే తెలియనివారు ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ జర్నల్‌లో తన విషయం మీదే వచ్చిన రెండు పాత వ్యాసాలు కూర్చుని చదవడం. తెలుగు సాహిత్యం మొదలుకొని టెలికాం దాకా ఒకే సంచికలో కనబడితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ ఇప్పటికే తప్పనిసరి చేసింది. ఆ తరగతుల్లో ఒక పూట ల్యాబ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, విద్యార్థులకు వాట్సాప్‌లో వచ్చిన జర్నల్ ఆహ్వానాలనే తెరిపించి, పైన చెప్పినవన్నీ వారి చేతనే చేయించాలని రెండు విశ్వవిద్యాలయాల అధికారులను కోరుతున్నాను.

– ఒక రసాయనశాస్త్ర అధ్యాపకుడు, నల్లగొండ