ట్రింకోమలీ ఓడ కిట్‌లో తాళ్ల పట్టిక తప్పు, ఆరో షీటు లేదు: సరిచేసి పంపాలని ఫిర్యాదు

విశాఖపట్నం

మేనేజర్ గారికి,
వినియోగదారుల సేవా విభాగం,
హైదరాబాద్.

అయ్యా,

మీ దగ్గర రూ. 32,000 పెట్టి కొన్న ట్రింకోమలీ యుద్ధనౌక చెక్క కిట్ గురించి రాస్తున్నాను. స్కేలు 1:64, అంటే అసలు ఓడలో 64వ వంతు. ఓడ పొట్ట, డెక్కు, మూడు మాస్టులు (తెరచాప స్తంభాలు) అయిపోయాయి. రిగ్గింగ్, అంటే తాళ్లు కట్టే పని, మొదలుపెట్టాక ఆగిపోయింది. మీరిచ్చిన తాళ్ల పట్టికలో లెక్క తప్పింది, మీ ప్లాన్లలో ఆరో షీటు అసలు అచ్చే కాలేదు. ఫోన్లో చెప్పాను, ఫొటోలతో మెయిల్ పెట్టాను. రెండుసార్లూ ఒకటే జవాబు: "డెలివరీ అయిన 10 రోజుల్లోపు చెప్పాలి." ఆ జవాబుతో నాకు పని జరగలేదు కాబట్టి ఈ లేఖ.

బాగున్నది బాగుందనే చెప్తాను. లేజర్‌తో కోసిన చట్రాలు గాడుల్లో ఎక్కడా వదులు లేకుండా కూర్చున్నాయి. వెన్నుదూలం వంకర లేదు. పేర్ చెక్క పట్టీలు నానబెట్టి వంచితే చీలకుండా వంగాయి. అసలు ఓడ టేకుది కదా, కిట్‌లో టేకు ఎందుకివ్వలేదని కొందరు అడుగుతారు. అడగకూడదు. ఓడ కొలత తగ్గుతుంది గానీ చెక్కలోని ఈనె, అంటే పోగుల గీత, తగ్గదు. ఇంత చిన్న పొట్ట మీద టేకు ఈనెలు మోటుగా కనిపిస్తాయి, సన్న ఈనె ఉన్న పేర్ చెక్కే దానికి తగినది. ఆ చెక్కను ఎంచినవాళ్లకు ఓడల సంగతి తెలుసు. అదే పెట్టెలో ఈ తాళ్లు ఎలా వచ్చాయన్నదే నాకు మింగుడు పడనిది.

ఆ రోజుల్లో ఓడల మీద తాడు లావు చెప్పేటప్పుడు చుట్టుకొలత చెప్పేవారు, వ్యాసం కాదు. 9 అంగుళాల మోకు అంటే టేపు చుట్టి కొలిస్తే 9 అంగుళాలు వస్తుందని. స్కేలుకు తగ్గించేటప్పుడు ముందు దాన్ని 3.14తో భాగించి వ్యాసం తీసుకోవాలి, ఆ తర్వాత 64తో భాగించి, మిల్లీమీటర్లలోకి మార్చాలి. మీ పట్టికలో పై వరసలు ఇలాగే చేశారు. మాస్టుని పక్కల నుంచి పట్టి ఉంచే ష్రౌడ్ మోకులకు 9 అంగుళాలని రాసి, 1.14 మిల్లీమీటర్ల దారం ఇచ్చారు. సరైన లెక్క. కింది వరసలకు వచ్చేసరికి 3.14తో భాగించడం మానేశారు. తెరచాపలు వేలాడే అడ్డకొయ్యలను తిప్పే బ్రేస్ తాళ్లకు 3 అంగుళాలని ఉంది. దానికి రావాల్సింది 0.38 మిల్లీమీటర్లు. మీ పట్టికలో, మీ పెట్టెలో ఉన్నది 1.2. ష్రౌడ్లకు అడ్డంగా కట్టే మెట్ల తాళ్లు, అవే రాట్‌లైన్లు, అంగుళంన్నర. రావాల్సింది 0.19. మీరిచ్చింది 0.6.

దీని అర్థం ఏమిటో ఒకసారి చూడండి. మాస్టుని పడిపోకుండా నిలబెట్టే మోకు కంటే, నావికులు చేత్తో లాగే బ్రేస్ తాడు లావుగా ఉంది. ఏ ఓడ మీదా ఇలా ఉండదు. మీ కిట్‌లోని కప్పీలే మీ తప్పు చెప్తున్నాయి. అవి స్కేలుకు సరిపోయే కప్పీలు, రంధ్రాలు సన్నవి. 1.2 దారం కొసను జిగురుతో గట్టిపరిచి, సూదిలా చెక్కి తోసినా అందులో దూరదు. ఒక కప్పీ రంధ్రం పెద్దది చేద్దామని డ్రిల్ పెడితే రెండు ముక్కలైంది. ఆ ఫొటో కూడా జతచేశాను.

రాట్‌లైన్ల దగ్గర ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు మాస్టుకి ఎడమవైపు ష్రౌడ్ల మీద 5.5 మిల్లీమీటర్ల ఎడంతో వరసలు కట్టుకుంటూ వెళ్లాను. ప్రతి ష్రౌడ్ దగ్గరా ఒక ముడి, క్లోవ్ హిచ్. 0.6 దారంతో ఆ ముడి వేస్తే ముడే దాదాపు 2 మిల్లీమీటర్లు అవుతుంది. ఒక వరస ముడికీ దాని పై వరస ముడికీ మధ్య మూడున్నర మిల్లీమీటర్లే మిగులుతుంది. కింద ష్రౌడ్ కంటే ముడులే ముందు కనబడతాయి, మిరియాలు గుచ్చిన దండలాగా. పైగా ఆ బిగువుకి ష్రౌడ్లు లోపలికి గుంజుకుపోయి నడుము దగ్గర సన్నబడ్డాయి. కట్టినవన్నీ కత్తిరించి తీసేయాల్సి వచ్చింది. ముడులు విప్పేటప్పుడు రెండు ష్రౌడ్లు నూగు లేచి పాడయ్యాయి, వాటినీ మార్చాలి.

దారం నాణ్యత గురించి ఒక మాట చెప్పి వదిలేస్తాను. సన్నరకం దారాలు నూలువి. మా విశాఖలో గాలి తేమకి అవి బిగుస్తాయి, ఎండ కాస్తే సడలుతాయి. ఎలాగూ మార్చి పంపాలి కాబట్టి పాలిస్టర్‌తో పేనినవి పంపితే మంచిది.

ఇక ఆరో షీటు. పెట్టెలో ఏడు షీట్లని ఉంది, ఏడూ ఉన్నాయి. మడత మీద 5 అని, 6 అని అంకెలు కూడా వేశారు. విప్పితే రెండింటిలోనూ ఒకటే బొమ్మ, అడ్డకొయ్యల కొలతలు. ఆరో షీటులో రావాల్సింది ఏ తాడు ఎక్కడ నుంచి దిగి డెక్కు మీద ఏ పిన్‌కి చుట్టాలో చూపించే ప్లాను. అది లేకుండా రన్నింగ్ రిగ్గింగ్, అంటే లాగి వదిలే తాళ్లు, ఎవరూ కట్టలేరు. ఊహించి కడితే తాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అడ్డం పడతాయి. ఇది నా పెట్టెలో ఒక్కదాంట్లో జారిపోయిన కాగితం కాదు. మడత మీద 6 అని వేసి లోపల ఐదో బొమ్మ అచ్చేశారంటే ఆ విడతలో అచ్చయిన ప్రతి సెట్టులోనూ ఇదే ఉంటుంది.

ఈ ఓడ చరిత్ర మీ పెట్టె వెనకే అచ్చేశారు, కానీ అందులో ముఖ్యమైనది ఒకటి వదిలేశారు. నెపోలియన్ యుద్ధాలతో బ్రిటన్‌లో ఓక్ చెక్కకు కరువొచ్చినప్పుడు, మలబార్ టేకుతో బొంబాయి డాక్‌యార్డులో దీన్ని కట్టమని పురమాయించారు. ఆ ప్లాన్లను జావా అనే యుద్ధనౌకలో పంపారు. 1812 డిసెంబర్‌లో బ్రెజిల్ తీరానికి అవతల అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ చేతిలో జావా ఓడిపోయి తగలబడింది. ప్లాన్లు పోయాయి. మళ్లీ ఒక సెట్టు తయారుచేసి పంపారు. జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా చేతి కింద ఓడ తయారై 1817 అక్టోబర్ 12న నీళ్లలో దిగింది. ఇవాళ్టికీ ఇంగ్లండ్‌లోని హార్ట్‌లీపూల్‌లో నీళ్ల మీదే ఉంది. యుద్ధం మధ్యలో, తెరచాపల కాలంలో, సముద్రాలు దాటించి రెండో ప్లాను పంపారు. మనవాళ్ల చేతుల్లో పుట్టిన ఓడ అని ఎంతో ఇష్టంగా ఈ కిట్ తీసుకున్నాను. హైదరాబాద్ నుంచి విశాఖకు ఒక్క షీటు పంపడానికి గడువు దాటిందంటే నేనెలా ఒప్పుకుంటాను?

ఆ 10 రోజుల నిబంధన గురించే అసలు చెప్పాలనుకున్నది. మిక్సీకో ఫ్యానుకో అది సరిపోతుంది. స్విచ్ వేస్తే తెలిసిపోతుంది. చెక్క ఓడ కిట్ అలా కాదు. ముందు చట్రాలు, తర్వాత రెండు పొరల పలకలు, డెక్కు, ఫిరంగులు, మాస్టులు. తాళ్ల పని చిట్టచివర. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కూర్చునేవాడికి అక్కడిదాకా రావడానికే ఏడాది దాటుతుంది. మీ మాన్యువల్‌లో కూడా దారాల సంచులు అప్పటిదాకా విప్పవద్దని, ఎండ తగిలితే రంగు పోతుందని రాశారు. ఒకపక్క విప్పవద్దని చెప్పి, ఇంకోపక్క 10 రోజుల్లో చూసుకోవాల్సిందని అనడం న్యాయం కాదు. కిట్ కొన్నవాడు ఓడ పూర్తిచేసేదాకా విడిభాగాలు, ప్లాన్లు మీరే ఇవ్వాలి. ఉచితంగా అని కూడా అనను, నా చేతిలో విరిగినవాటికి డబ్బు కడతాను. మీ లెక్క తప్పుకి మాత్రం కట్టను.

నాకు కావాల్సింది సరైన కొలతల దారాలు, సరిచేసిన పట్టిక, అసలైన ఆరో షీటు, పాడైన రెండు ష్రౌడ్లకు 1.14 దారం, పగిలినదానికి బదులు ఒక కప్పీ. ఇవే తప్పులతో ఇదే కిట్ కొన్న మిగతావాళ్లందరికీ మీ అంతట మీరే కబురు చేయాలి. వాళ్లలో చాలామంది ఇంకా పలకలు అతికించే దశలోనే ఉండి ఉంటారు. రాట్‌లైన్లు కట్టి విప్పే పాట్లు వాళ్లకు రాకుండా ఇప్పుడే ఆపొచ్చు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి నాకు రెండేళ్ల గడువుంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడానికి అంతకూడా అక్కర్లేదు. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే రెండూ చేస్తాను. నా కోరిక మాత్రం అది కాదు, ఈ ఓడ పూర్తికావాలి. ఆరో షీటు మెయిల్‌లో పంపినా చాలు, ఇక్కడ అసలు సైజులో ప్రింటు తీయించుకుంటాను. దారాలు మాత్రం కొరియర్‌లోనే రావాలి.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరిచినవి: బిల్లు నకలు, 5, 6 షీట్ల ఫొటోలు, తాళ్ల పట్టిక మీద నేను వేసిన లెక్కలు, పగిలిన కప్పీ, రాట్‌లైన్ల ఫొటోలు.