క్రీడా శాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కొత్త స్టేడియాల సంగతి తర్వాత, ముందు పిల్లల మోకాళ్ల సంగతి చూడండి. ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలినా, పరుగులో ఉన్నట్టుండి పక్కకు తిరిగినా మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిపోవచ్చు. చాలాసార్లు ఎవరూ తగలకుండానే! గాయాలు రాకుండా ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా రూపొందించిన ‘11+’ లాంటి 20 నిమిషాల వార్మప్ క్రమం తప్పకుండా చేయిస్తే ఇలాంటి గాయాలు బాగా తగ్గుతాయి. కోచ్‌లకు నేర్పిస్తే చాలు.

ఈ లిగమెంట్‌కి సర్జరీ అయినవాళ్లను టోర్నమెంట్ ఉందని తొందరపెట్టకండి. కనీసం 9 నెలలు ఆగి, రెండు కాళ్ల బలం పరీక్షించాకే మైదానంలోకి దించాలి. నొప్పి పోయింది కదా అంటే కుదరదు.

తలకు దెబ్బ తగిలి తికమకపడుతున్న ఆటగాణ్ణి ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. ఆ నిర్ణయం గెలుపు టెన్షన్‌లో ఉన్న కోచ్‌కి వదలకండి, డాక్టర్‌కి అప్పగించండి. సీజన్ మొదలయ్యేలోపే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక క్రీడాకారిణి తల్లి