లూషాన్ వెళితే ఆ తోటకు సగం రోజు ఇవ్వండి

సంపాదకులు గారికి,

కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు 2025 అక్టోబరులో నేరు విమానాలు మళ్లీ మొదలయ్యాయి. చైనా యాత్రకు సిద్ధమవుతున్న తెలుగువారికి ఒక మనవి. జియాంగ్షీ ప్రావిన్సులోని లూషాన్ కొండకు వెళ్లేవారు చాలామంది హాన్‌పోకౌ దగ్గర నిలబడి పోయాంగ్ సరస్సును చూసి, పక్కనే ఉన్న లూషాన్ వృక్షోద్యానంలో అడుగైనా పెట్టకుండా బస్సెక్కేస్తారు. అలా చేయకండి.

హు షియన్‌సు, చిన్ రెన్‌చాంగ్, చెన్ ఫెంగ్‌హుయై అనే శాస్త్రవేత్తలు 1934లో నెలకొల్పిన తోట అది. ఎత్తు సుమారుగా మన హార్స్‌లీ కొండలంతే, కానీ శీతకాలంలో మంచు పడుతుంది. పైన్, ఫర్ జాతుల విభాగంతో మొదలుపెట్టండి. అక్కడి మెటాసెకోయా అనే చెట్టును తప్పక చూడాలి. 1941లో శిలాజాల ఆధారంగా పేరు పెట్టిన ఆ ప్రజాతి అంతరించిందనే అనుకున్నారు. తర్వాత హూబేలో సజీవంగా దొరికింది. 1948లో ఆ చెట్టుకు శాస్త్రీయ నామం పెట్టిన ఇద్దరిలో హు ఒకరు. దీన్ని చూడ్డానికి ఇలాగే ఉండే బాల్డ్ సైప్రస్ అనే చెట్టని పొరబడేవారు ఎక్కువ. కింద రాలిన రెమ్మను తీసి చూడండి: ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే మెటాసెకోయా, ఒకటి ఇటు ఒకటి అటు ఉంటే బాల్డ్ సైప్రస్. మెటాసెకోయా ఆకులు చలికాలంలో రెమ్మలతో సహా రాలిపోతాయి కాబట్టి మోడును చూసి చచ్చిపోయిందనుకోవద్దు.

రోడోడెండ్రాన్ పూలకు ఏప్రిల్ చివర, మే నెల మంచివి. ఆకుల రంగులకైతే అక్టోబరు చివరి నుంచి నవంబరు మొదటి వారాల దాకా. అక్టోబరు మొదటి వారంలో జాతీయ సెలవులు, జనం కిక్కిరిసి ఉంటారు. జూన్‌లో ముసురు. పొగమంచు ఏ నెలలోనైనా కమ్మేస్తుంది, అందుకే కొండమీది గులింగ్ ఊళ్లో రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. రాతిమెట్లు తడిస్తే జారతాయి, పట్టున్న బూట్లు కావాలి.

టికెట్ల దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. సిచువాన్‌లో, హెనాన్‌లో కూడా లూషాన్ అనే కౌంటీలున్నాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో అన్నీ ఒకటే, చైనా లిపిలో వేర్వేరు. మీరు చేరాల్సింది జ్యూజియాంగ్ నగరం. అక్కడి నుంచి గులింగ్‌కు వెళ్లి, కొండమీది బస్సుల్లో తోటకు చేరవచ్చు. తోట పేరును చైనా లిపిలో ఫోన్‌లో దాచుకోండి. రైలుకు అసలు పాస్‌పోర్టు ఉండాలి. చెల్లింపులకు అలీపే యాప్‌లో మీ కార్డును ఇక్కడే జోడించుకుని వెళ్లండి.

స్థాపకులు ముగ్గురి సమాధులూ తోటలోనే ఉన్నాయి. వాటికి దగ్గర్లోనే, సంస్కృతం, పాళీ చదివిన చరిత్రకారుడు చెన్ యిన్‌కే సమాధి కనిపిస్తుంది. ఆయన చెన్ ఫెంగ్‌హుయైకి చిన్నాన్న. 1969లో కన్నుమూసిన ఆయన అస్థికలను 2003లో అక్కడికి చేర్చారు.

– ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి